సకినాల సమ్మె

కొండాపూర్‌లో మిఠాయి కొట్టు ముందు వాము, నువ్వులు కలిసి వేగే వాసన వస్తే ఉద్యమం రోజులు గుర్తొస్తాయి. మాది కాకినాడ, నా చిన్నప్పుడు ఇక్కడికొచ్చి అద్దెకుండేవాళ్లం. పక్కవాటాలో కరీంనగర్ లక్ష్మత్త ఉండేది. ఆమె బియ్యప్పిండితో చుట్టి వేయించే సకినాలంటే నాకు ప్రాణం. గొడవలు మొదలయ్యాక అమ్మా, ఆమె మాట్లాడుకోవడం మానేశారు.

ఒకరోజు లక్ష్మత్త గుమ్మంలో ఎవరితోనో, "రేపట్నుంచి సకల జనుల సమ్మె" అంటోంది.

"అత్తా, సకినాల సమ్మెలో నాకూ పెడతావా?" అని అడిగాను.

అమ్మ కంగారుగా నన్ను వెనక్కి లాగింది. లక్ష్మత్త పడీపడీ నవ్వింది. "పెడ్త బిడ్డా. మీ అమ్మను గూడ తోల్కరా."

మర్నాడు అమ్మ ఆమె పక్కన కూర్చుని సకినాలు చుట్టింది. మొదటిది విరిగింది. "ఫికర్ చెయ్యకు వదినా, ఇంకోటి చుట్టు" అంది లక్ష్మత్త.

'సకల జనుల సమ్మె' అన్న మాట నా చెవిలో ముందు శబ్దంగానే నిలిచిపోయింది. సకల జనులంటే అందరూ అని పెద్దయ్యాక తెలిసింది. అప్పుడు కూడా నా కళ్లముందు మెదిలింది వాళ్లిద్దరే.