అబూ నాసర్ మజ్లిస్‌లో చల్లారిన కాఫీ

మా ఆవిడ పాయసంలోకి ఏలకులు దంచినప్పుడల్లా కాకినాడలో ఉన్న నా ముక్కు ఒక్క క్షణం ఖతర్ వెళ్ళొస్తుంది. వీసా అక్కర్లేని ప్రయాణం నాకు అదొక్కటే. మొన్న ఆదివారం ఇల్లంతా ఆ వాసన కమ్ముకుని ఉండగా మా పెదనాన్నగారి అబ్బాయి వచ్చాడు. ఎదురుగా పెట్టిన కాఫీ మీద మీగడ కడుతోంది. అతను గ్లాసు ముట్టుకోవడం లేదు. "తాగరా, చల్లారిపోతోంది" అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఆ మాటని అక్కడ ఆపడం నాకు నేర్పినాయన పేరు అబూ నాసర్.

ప్రపంచ కప్పు కోసం దేశమంతా తవ్వి మళ్ళీ పూడుస్తున్న రోజులవి. ఉమ్ సలాల్ దాటి ఉత్తరానికి వెళ్ళే ఒక రోడ్డు పనిలో నేను ప్లానింగ్ ఇంజినీర్ని. అంటే పని ఎప్పటికి పూర్తి కాదో అందరికంటే ముందు చెప్పగలిగేవాణ్ణి. అబూ నాసర్ మా కంపెనీ తరఫున సర్కారు ఆఫీసులతో, పొలాల యజమానులతో మాట్లాడే పెద్దమనిషి, నాకు బాస్. అరవై దాటిన ఖతరీ. చిన్నప్పుడు తండ్రితో బొంబాయి తిరిగినవాడు కనుక నాతో సగం ఇంగ్లీషూ, సగం బొంబాయి హిందీ. అసలు పేరు వేరే ఉంది. పెద్దకొడుకు నాసర్ కాబట్టి 'నాసర్ తండ్రి' అని పిలుస్తారు. మన దగ్గర తండ్రి ఇంటిపేరు కొడుక్కి వస్తుంది. అక్కడ కొడుకు పేరు తండ్రికి వస్తుంది.

మొదటి రోజు సైట్ ఆఫీసులో ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "నువ్వెవరివి?"

"బీటెక్ సార్. రోడ్ల పనిలో అనుభవం..."

"అది నీ పని. నువ్వెవరివి? మీవాళ్ళెవరు?"

మా అమ్మమ్మ పెళ్ళిళ్ళలో కొత్తవాళ్ళని పట్టుకుని "ఎవరి తాలూకు బాబూ?" అని అడిగేది. అరేబియా సముద్రం దాటి వచ్చినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. తాతగారి ఊరు, ముత్తాతగారి పేరు చెప్పాక ఆయన తృప్తిగా తలూపి, "ఇప్పుడు కూర్చో" అన్నాడు.

నాకో జబ్బుంది. గుమ్మం దాటి వచ్చినవాడి చేత ఏదో ఒకటి తాగించకుండా ఉండలేను. గోదావరి జిల్లాల జబ్బు అది, మందు లేదు. తనిఖీకి వచ్చిన ఆఫీసర్లు వద్దు వద్దంటున్నా టీ పోసేవాణ్ణి. అబూ నాసర్ చూసి చూసి, "ముహందిస్, మీ ఊళ్ళో టీ వద్దంటే పోలీసు కేసా?" అనేవాడు. ముహందిస్ అంటే ఇంజినీరు. నా పేరు పలకడం కంటే ఆయనకి అదే సులువు.

ఒకరోజు మాటల్లో తన భార్య తన చిన్నాన్న కూతురేనన్నాడు. నాకు పొలమారింది.

"చిన్నాన్న కూతురంటే మాకు చెల్లెలు సార్."

"మరి నువ్వెవర్ని చేసుకున్నావు?"

"మా మేనమామ కూతుర్ని."

ఈసారి ఆయనకి పొలమారింది. "అమ్మ తరఫు పిల్లనా? మీ చిన్నాన్నకి కోపం రాలేదా?"

"ఆయనే దగ్గరుండి లడ్డూలు పంచాడు."

ఆయన కళ్ళు తుడుచుకుంటూ చాలాసేపు నవ్వాడు. ఆ తర్వాత ఆయన చెప్పేది వినడం నాకొక సరదా అయింది. "ఇక్కడ రాజ్యమంటే పెద్ద కుటుంబం, తెగ అంటే చిన్న రాజ్యం" అనేవాడు. పాలించే ఇంటివాళ్ళు ఎవరింటి పిల్లని చేసుకున్నారో, ఎవరి మజ్లిస్‌కి పరామర్శకి వెళ్ళారో గమనిస్తే పత్రిక చదవక్కర్లేదట. మజ్లిస్ అంటే అతిథులు కూర్చునే పెద్ద గది. అక్కడ ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారన్నదే సగం రాజకీయం. మిగతా సగం కాఫీ. ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది.

అంతలో దేశపు సలహా మండలికి మొట్టమొదటిసారి ఎన్నికలన్నారు. మనిషి ఉంటున్న చోట కాదు, అతని తెగ పూర్వం ఉన్న చోట ఓటు. అబూ నాసర్ తాతల ఊరు ఉత్తర తీరంలో ఉంది. ఇప్పుడక్కడ ఉన్నవి మొండిగోడలూ, సముద్రపు కాకులూ. ఆయన అక్కణ్ణించి నిలబడదామనుకున్నాడు. "మా నాన్న పడవ కట్టేసిన రేవు కూలిపోతోంది. ఒక్కసారి ఆ మండలిలో లేచి నిలబడి ఆ మాట చెప్పాలి" అన్నాడు. సైట్ ఆఫీసులో నా ముందే అరబ్బీలో ఉపన్యాసం సాధన చేసేవాడు. నాకు ముక్క అర్థం కాదు. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నప్పుడల్లా చప్పట్లు కొట్టేవాణ్ణి.

"మీకేం భయం లేదు సార్. మీ మేనమామలది పెద్ద తెగ కదా, వాళ్ళు చూసుకుంటారు" అని నా మేనరికపు తెలివి చూపించాను.

"వాళ్ళ ఓట్లు వాళ్ళ తాతల ఊళ్ళో ఉన్నాయి. అమ్మ తరఫు నుంచి ప్రేమ వస్తుంది ముహందిస్, ఓటు రాదు."

వారం తిరక్కుండా ఆయన చిన్నాన్న కొడుకు ఖాలిద్ కూడా నిలబడతానన్నాడు. ఆ ఖాలిద్ ఆయన భార్యకి సొంత తమ్ముడు. తమ్ముడూ బావమరిదీ ఒకే మనిషి కావడం నా తెలుగు బుర్రకి ఎక్కడానికి టైం పట్టింది. ఇద్దరూ నిలబడితే తెగ ఓట్లు చీలి సీటు ఇంకొకరికి పోతుంది. అది బయటి గొడవ. లోపలి గొడవ ఆయనే చెప్పాడు: "నాసర్ తల్లి మాట్లాడటం మానేసింది. ఎవరితోనంటావా, ఇద్దరితోనూ."

ఒక శుక్రవారం సాయంత్రం ప్రార్థన తర్వాత తన మజ్లిస్‌కి రమ్మని నన్ను కూడా పిలిచాడు. వెళ్తే, "నా పక్కన కూర్చో" అన్నాడు. గోడల వెంట తెగ పెద్దలు, గడ్డాల కిందికి జారిన కరోనా మాస్కులు, ఏలకుల కాఫీ వాసన. ఖాలిద్ వచ్చి మాకు ఎదురుగా కూర్చున్నాడు. కప్పు అందుకున్నాడు, తాగకుండా ముందు పెట్టుకున్నాడు. గదిలో మాటలు ఒక్కొక్కటే సన్నగిల్లాయి. నాకు కనిపించింది ఒక్కటే: ఇంటికొచ్చిన మనిషి, చల్లారుతున్న కాఫీ, పట్టించుకోని జనం. ఉండబట్టలేక ముందుకు వంగి నా వచ్చీరాని అరబ్బీలో, "తఫద్దల్, ఇష్రబ్" అన్నాను. తీసుకోండి, తాగండి అని.

అబూ నాసర్ చేతిలో జపమాల ఆగిపోయింది. నన్ను చూశాడు, కప్పుని చూశాడు. తర్వాత నెమ్మదిగా ఏదో అన్నాడు. ఖాలిద్ ఒక్క గుక్కలో కాఫీ తాగి, లేచి వచ్చి ఆయన నుదుటి మీద ముద్దు పెట్టుకున్నాడు.

గేటు దగ్గర నాసర్ నాకు విడమర్చి చెప్పాడు. కోరికతో వచ్చిన అతిథి కప్పు ముట్టుకోడు. ఇంటాయన "తాగు" అన్నాడంటే కోరిక తీర్చినట్టే. ఖాలిద్ కోరిక నాసర్ తండ్రి పోటీ నుంచి తప్పుకోవాలని. నేను తాగమన్నాక ఆయన అన్నది ఇదట: "నా ఇంట్లో నా అతిథి మాట నా మాటే. తాగు, ఖాలిద్."

నన్ను అల్ మన్సూరాలో నా గది దగ్గర దింపడానికి వచ్చిన డ్రైవర్ మల్లేశ్‌ది జగిత్యాల. దారిలో సంగతంతా లాగాడు.

"కాఫీ తాగమన్నానంతేనయ్యా."

"గంతేనా సారూ? మా అవ్వ ఫోన్ల అడిగింది, దుబాయ్ల గూడ ఎలచ్చన్లా బిడ్డా, మీ సేటు నిలవడుతుండా అని. అవునన్న. ఇగ ఏం జెప్పాలె? మా ఇంజినీర్ సారు కప్పు కాఫీల ముంచిండని జెప్పాల్నా?"



ఆదివారం ఆఫీసుకి వెళ్ళేసరికి అబూ నాసర్ తనే టీ పోసి నా ముందు పెట్టాడు. క్షమించమన్నాను. "ముందు తాగు" అన్నాడు. తాగాక అడిగాడు, "తాగని కప్పు ఎదురుగా ఉంటే నువ్వు ఊరుకోలేవని నాకు తెలియదా? తెలిసి నిన్నెందుకు పక్కన కూర్చోబెట్టుకున్నాను?"

నేను ఖాళీ కప్పు కింద పెట్టాను.

"ఆ మాట నేనంటే ఓడినవాణ్ణి. అనకపోతే ఇల్లు పోగొట్టుకున్నవాణ్ణి. అదే మాట నా అతిథి అన్నాడనుకో, నేను ఇచ్చినవాణ్ణి."

నిజంగానే అంత ముందుచూపుతో నన్ను అక్కడ కూర్చోబెట్టాడా, లేక నా సిగ్గు పోగొట్టడానికి ఆ ఉదయమే అల్లి చెప్పాడా? ప్లానింగ్ ఇంజినీర్నయ్యుండీ తేల్చుకోలేకపోయాను. ఖాలిద్ గెలిచాడు. రేవు మాట మండలిలో ఎత్తాడో లేదో తెలియదు. అబూ నాసర్ మాత్రం సైట్ ఆఫీసులో మళ్ళీ ఉపన్యాసం చెప్పలేదు. కొన్ని మధ్యాహ్నాలు ఊరికే కళ్ళజోడు తుడుచుకునేవాడు. నేను చప్పట్లు కొట్టేవాణ్ణి కాదు.

మొన్న ఆదివారం నేను తాగమనలేదు. "ఏం పని మీద వచ్చావురా?" అన్నాను. మా పెదనాన్నగారి అబ్బాయి భుజాలు తేలిగ్గా కిందికి దిగాయి. అతనికీ మా మామగారికీ ఎప్పుడో మాటా మాటా వచ్చి రాకపోకలు ఆగిపోయాయి. ఇప్పుడు ఇతని కొడుకు పెళ్ళి. ఆయన్ని నేను ఒప్పించి తీసుకురావాలట. చెబుతున్నంతసేపూ గ్లాసు వైపే చూస్తున్నాడు. మా మామగారి కోపం నాకు తెలుసు; మేనమామగా కూడా తెలుసు. అంతా విన్నాక కాసేపు ఆలోచించి, "తాగు" అన్నాను.

"అది చల్లారిపోయి ఉంటుంది, వేరేది తెస్తానుండండి" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

"వద్దు" అన్నాను. "అదే తాగనీ."