పరోట్టా అనే క్లోన్

నేను రిటైరవడానికి నాలుగేళ్ల ముందు, తమిళ ఆడి నెల గాలికి మా కోవిల్‌పట్టి దుమ్మంతా ఇళ్లలోకి వచ్చే రోజుల్లో, నన్ను విరుదునగర్ శివార్లలోని ఒక చిన్న మందుల పరిశోధనశాలకు సీనియర్ సైంటిస్టుగా వేశారు. కీళ్లవాపు రోగుల్లో అతిగా రెచ్చిపోయే రోగనిరోధక కణాలను అదుపుచేసే మానవ యాంటీబాడీని తయారుచేయడం మా పని. ఆ కణాల పైన బయటి సంకేతాలు అందుకునే రిసెప్టర్ ఉంటుంది. యాంటీబాడీ దాన్ని గట్టిగా పట్టుకోవాలి, కణాన్ని మాత్రం రెచ్చగొట్టకూడదు. ఒకే కణం సంతతి నుంచి ఒకే రకం యాంటీబాడీ వస్తుంది. ఆ సంతతినే క్లోన్ అంటాం.

చివరికి రెండు క్లోన్లు మిగిలాయి. ఒకటి మా డైరెక్టరుగారిది. రెండోది టెక్నీషియన్ రాజేశ్వరిది, ఆమె రెండేళ్ల కష్టం. ఓడినదాన్ని పారేస్తారు. తనదే గెలుస్తుందని డైరెక్టరుగారు పరీక్షకు ముందే చెప్పేశారు. నాకు ఒళ్లు మండింది.

ఫలితం చదివేవారికి ఏది ఎవరిదో తెలియకుండా పరీక్ష గొట్టాలకు మారుపేర్లు పెట్టడం రివాజు. ఆ పని నాది. డైరెక్టరుగారు విరుదునగర్ మనిషి, ఊరి పరోట్టా మీద ఈగ వాలనివ్వరు. అందుకే రాజేశ్వరి గొట్టానికి ‘పరోట్టా’ అనీ, ఆయన గొట్టానికి మా కోవిల్‌పట్టి వేరుశనగ అచ్చు పేరు ‘కడలైమిఠాయి’ అనీ రాశాను.

ఒక్కో క్లోనుకు ప్లేటులో మూడు గుంటలు. కణం రెచ్చిపోతే గుంట పసుపెక్కుతుంది. రెండింటికీ ఒక్కో గుంట లేతగా పసుపెక్కింది. పరోట్టా గుంటను డైరెక్టరుగారు చేతి తడబాటని కొట్టేశారు. మిఠాయి గుంటను మాత్రం అసలైన లోపమని రాసుకుని, ఆ క్లోన్‌ను పారేయమన్నారు. నేను కోడ్ విప్పి పకపకా నవ్వాను. ఆయన ముఖం మాడిపోయింది.

రాజేశ్వరి నవ్వలేదు. మేం ముగ్గురం ఇళ్లలో తెలుగువాళ్లమే, ల్యాబులో మాత్రం తమిళం. ఆ రోజు ఆమె తెలుగులోనే అడిగింది: “అన్నా, నాది పేరుకు గెలిచిండాదా, పనికి గెలిచిండాదా? మల్లా చేస్తాము. పేరు మీరు పెట్టొద్దు.” నాకు సిగ్గేసింది.

మళ్లీ చేశాం. ఈసారి స్టోరు గుమాస్తా ఉత్త అక్షరాలు వేశాడు. ఏ గుంటనూ కొట్టేయకూడదని ముందే రాసి ముగ్గురం సంతకాలు పెట్టాం. డైరెక్టరుగారి క్లోన్ మూడు గుంటల్లోనూ పసుపెక్కింది. రాజేశ్వరిది ఒక్కదానిలోనూ లేదు. దాన్ని ద్రవ నత్రజనిలో భద్రపరచమని ఆయనే ఉత్తర్వు రాశారు.

ఫలితం చదివేవాడికే కాదు, పేర్లు పెట్టేవాడికీ పక్షపాతం ఉంటుందని అప్పుడు తెలిసింది. నేను రిటైరయ్యేదాకా రాజేశ్వరి నా చేతికి మారుపేర్లు రాసే కోడ్ పుస్తకం ఇవ్వలేదు.