ముందుమాటలు లేని పుస్తకాలు

హనుమకొండ చౌరస్తా పక్క సందులో పుస్తకాలు అద్దెకిచ్చే తాతకు ఒక అలవాటు ఉండేది. కొత్త పుస్తకం రాగానే ముందుమాట కత్తిరించేసి, మిగిలినదానికి గట్టి అట్టలు వేసి కుట్టేవాడు. "లావైతే కుట్టు ఊడుతది బిడ్డా" అనేవాడు. నిజమే అనుకున్నాను.

నా అభిమాన వింతకథల రచయితను పరిచయం చేసింది ఆయనే. గోడలు ఊపిరి పీల్చే అలాంటి కథలు అంతకుముందు ఎవరికీ తట్టలేదని పదిహేనేళ్లు అందరితో వాదించాను. కాదన్నందుకు కాలేజీలో ఒక సారుతో మాటలు కూడా మానేశాను. అదంతా చెబుతుంటే తాత తలూపుతూ వినేవాడు.

మొన్న స్నేహితురాలి ఇంట్లో ఆ రచయిత పుస్తకం ముందుమాటతో సహా దొరికింది. అందులో ఆ రచయిత, తనకు భయపెట్టడం నేర్పిన ఐదుగురు పాత రచయితల పేర్లు రాసి, తనకంటే ముందు వాళ్లను చదవమని ప్రాధేయపడ్డాడు. వాటిలో ఒక్క పేరూ నేను విన్నది కాదు.

నేరుగా తాత దగ్గరికి పోయి ఆ పేర్లు చదివి వినిపించాను. ఆయన బల్ల కిందినుంచి ఒక లావుపాటి పుస్తకం తీశాడు. ఇన్నేళ్లూ కత్తిరించిన ముందుమాటలన్నీ అందులో కుట్టి ఉన్నాయి. తిప్పీ తిప్పీ అంచులు నల్లబడ్డాయి.

"ఇవన్నీ సదివినవా తాతా?"

"సదివిన. గా ఐదుగురి పుస్తకాలు గూడ తెప్పిచ్చుకొని సదివిన."

"మరి నాకెందుకు చెప్పలే?"

తాత ఎప్పటిలాగే ప్రేమగా నా వైపు చూశాడు.

"నీకు కతలు సాలనుకున్న బిడ్డా."