తాడు పట్టినవాడు

యుద్ధం రోజుల్లో, బర్మా చూద్దామని పటాలంలో చేరాను. దిగువమెట్ట స్టేషన్లో దింపారు. మా మార్కాపురం నుంచి రైలులో అరపూట ప్రయాణం.

ఆగస్టు. ఉదయం ఏడు. సన్నని వాన. ఒక రైఫిలు, యాభై తూటాలు, రెండు కంబళ్ళు, ఒక మగ్గు. ఉత్తర్వు ఒక్కటే: లోయ మీది రైలు వంతెనకు కాపలా. మేం తొమ్మిది మందిమి.

దుకాణంలో పెరిగినవాణ్ణి. బేరంలో ఎదుటివాడికి ఏమీ మిగల్చనివాడే పైకొస్తాడని నా నమ్మకం. నెల తిరగకముందే బ్రెన్‌గన్ అనే బరువు తుపాకి మోసే జవానుకు రెండు బీడీకట్టలు ఎర చూపి, అతని కొత్త కంబళి తీసుకొని నా చిరుగుల కంబళి అంటగట్టాను. జట్టులో అందరికంటే బలశాలి అతనే. గెలిచానని రెండు రోజులు ఈల వేశాను. గిద్దలూరు సంతలో మెస్సుకు చింతపండు, ఉల్లిగడ్డ బేరం చేసేదీ నేనే. మా వంటవాడిది కొమరోలు. సంతలో అతనికి నోరు పెగలదు.

చెంచు గురవయ్య ఉప్పు కోసం వచ్చేవాడు. వంతెన పక్క కొండచరియకు తాడు మీద దిగి తేనె తీస్తాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారీ పడలేదు. కిటుకు కొట్టేద్దామని అడిగాను.

"చేతి బలమా, కాలి బలమా?"

"రెండూ కాదు సామీ. పైన తాడు పట్టేది నా పెండ్లాం తమ్ముడు. నేను పడితే వాళ్ళక్క బొట్టు పోతాది. ఇంక వాడెందుకు ఇడుస్తాడు?"

ఇది ఏ సరుకుకూ పనికిరాని కిటుకనుకున్నాను.

అక్టోబరు. మూడు రోజుల ముసురు. మధ్యాహ్నం రెండున్నరకు బండరాయి జారి వంతెన స్తంభాన్ని కొట్టింది. నాలుగింటికి సరుకు బండి. ఫోన్లో స్టేషను మాస్టరు: "వదలాల్నా, వద్దా? చూసి చెప్పండి."

కింద వాగు పొంగింది. స్తంభం దగ్గరకు తాడు మీదే దారి. హవల్దారు అందరిలోకీ తేలికైనవాణ్ణని నన్ను చూశాడు. "నువ్వు దిగు. తాడు బ్రెన్‌గన్ వాడు పడతాడు."

అతను లేచాడు. "ఆ కంబళి కప్పుకోనే దిగుతావా సేటూ?"

ఒక్కొక్కరి మొహం చూశాను. నేను పడితే నష్టపోయేవాడు ఈ ఎనిమిది మందిలో ఎవడు? ఒక్కడూ తేలలేదు.

వంటవాడు బూడిద చేతులు తుడుచుకుంటూ వచ్చి, తాడు నడుముకు చుట్టుకున్నాడు.

"ఈయప్ప పోతే సంతలో నన్ను నమిలి మింగుతారు. నేనే పడతా."

అందరూ నవ్వారు. అతను నవ్వలేదు.

ముప్పై అడుగులు దిగాక తడి రాతి మీద బూటు జారింది. తాడు సర్రున రెండు బారలు పోయింది. ఆగింది. ఊగుతూనే స్తంభం తడిమాను. పగులు లేదు, పెచ్చు ఊడిందంతే. పైకి అరిచాను. హవల్దారు ఫోనెత్తాడు: "వదలండి." నాలుగుంబావుకు బండి వంతెన దాటింది.

మర్నాడు కంబళి తిరిగిచ్చాను. బ్రెన్‌గన్ జవాను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీనికి బదులు నేనేం ఇయ్యాల?" జట్టులో నా పేరు అట్లా మోగిపోయింది.

పద్నాలుగు నెలలకు ఇల్లు చేరాను. ఇప్పుడు మూడు దుకాణాలు. "ఎట్ల పైకొచ్చినావు పెదనాయనా?" అని బజారులో కుర్రవాళ్ళు అడుగుతారు. తెలివి అంటాను. వాళ్ళు వినాలనుకునేది అదే.

కానీ బేరం మొత్తం నావైపే తూగిన రోజు గద్దె మీద కుదురుగా కూర్చోలేను. లేస్తాను, వాకిట్లోకి పోతాను, మళ్ళీ వస్తాను. బండి దాటిన ఆ సాయంత్రమే కనబడుతుంది. వంటవాడి అరచేతుల్లో తోలు లేదు. రెండు మణికట్ల మధ్య మగ్గు ఇరికించుకొని, ఒలకకుండా, నాకు టీ తెస్తున్నాడు.