చెల్లె ప్రోగ్రాంకు నేను వేసిన తాళం

పొద్దున చాయ్ తాగుతూ పేపరు తిప్పుతుంటే, ఎక్కడో ఒక పెద్ద కంపెనీ తన ప్రోగ్రాం కోడంతా లోకానికి ఉచితంగా ఇచ్చేసిందనీ, దాంతో ఏ ప్రోగ్రామైనా ఒక్కసారి రాసుకుంటే సర్వర్‌లోనూ, ఏ ఫోన్‌లోనైనా నడుస్తుందనీ ఒక వార్త కనబడింది. మీకు అది వార్తే కావచ్చు, నేను మాత్రం చాయ్ పక్కన పెట్టేశాను. అలాంటిది మా చెల్లె ఎప్పుడో నిజామాబాద్‌లో, నా కంప్యూటర్ సెంటర్ వెనక గదిలో కూర్చుని రాసింది.

మాది రుద్రూర్ దగ్గర చెరకు పండించే ఇల్లు. చెరకు నరికి తోలమని చెప్పే కోత వంతు ఎప్పుడొస్తుందో తెలియక చక్కెర ఫ్యాక్టరీ చుట్టూ చెప్పులరిగేలా తిరిగిన రైతులను మన తరమంతా చూసిందే, వాళ్ళలో మా బాపు ఒకడు. బటన్ ఫోన్లు ఊళ్ళకు వచ్చిన కొత్తలో, ఆ వంతు ఫోన్లోనే కనబడాలని చెల్లెకు పట్టుదల పుట్టింది. ఒక్కో రకం ఫోన్‌కు ఒక్కో తీరుగా రాయాల్సిన కాలం కదా, అందుకని అన్నిటికీ సరిపోయే ఫ్రేమ్‌వర్క్ ఒకటి మొదలుపెట్టింది. అచ్చు ఒకటుంటే ఎవరి బెల్లం వాళ్ళు పోసుకున్నట్టు, దాని మీద ఎవరి ప్రోగ్రాం వాళ్ళు కట్టుకోవచ్చు.

అది పూర్తికాకముందే ఇంటర్నెట్‌లో పెట్టి అందరికీ ఇచ్చేద్దామంది. నాకు ఒళ్ళు మండింది.

"బాపు ఇత్తనం గడలు ఎవలడిగినా లేదన్నడా అన్నా? గట్ల ఇచ్చినందుకే గద మల్ల మనకు దొరికినయి" అంది.

నిజమే, ఒక ఏడు తెగులు సోకి మా తోటంతా పోతే, బాపు దగ్గర విత్తనం తీసుకుపోయిన మోస్రా ఊరి రైతే బండెడు గడలు తెచ్చి దించిపోయాడు. అయినా నా మొండితనం నాదే. "గడలు వేరు, గిది వేరు. రెక్కల కష్టం నీది, పేరు ఇంకోనిదా?" అని కసిరి, ఆ కంప్యూటర్‌కు ఇంటర్నెట్ తీగ పీకేసి పాస్‌వర్డ్ పెట్టాను. అన్న మాటని, రోజూ నేను తెరిచి ఇస్తేనే కూర్చుని రాసుకునేది, పిచ్చిది.

కొన్ని ఫోన్లలో అది ఎంతకీ నడవలేదు. రెండేళ్ళు ఒక్కతే దాంతో కొట్లాడింది, ఆ తర్వాత కిడ్నీలు పాడై మంచం పట్టి, మరి లేవలేదు. ఆమె గుర్తని ఆ కంప్యూటర్‌ను గుడ్డ కప్పి దాచుకున్నానే తప్ప, లోపల ఏం రాసిందో ఒక్కనాడూ చూడలేదు.

ఈ వార్త చదివాక గుడ్డ తీశాను. అదృష్టమో దురదృష్టమో, అది వెలిగింది. కోడ్ చదువుతూ పోతే, ఆగిపోయిన చోట, ఇంగ్లీషు అక్షరాలతో మన మాటలే రాసి ఉన్నాయి: "తమ్మీ, ఎవలవో నువ్వు. గీడ నాకు సమజైతలేదు. నీకు తెలిస్తె జర సక్కజెయ్, మా రైతులకు పనికొస్తది."

ఆ తమ్ముడు ఎక్కడో ఉండే ఉంటాడు. వాడికి ఆమె మాట చేరకుండా అడ్డం నిలబడ్డది నేను. నా చెల్లెను ఒంటరిని చేసింది నేనే, ఇది ఎవరితో చెప్పుకుని ఏడవను?

నిన్న దాన్ని ఆమె పేరుతో ఇంటర్నెట్‌లో పెట్టించాను. ఇప్పుడు అందరూ అన్నీ పంచుకుంటున్నారు, మంచి కాలమే. కానీ ఆ బటన్ ఫోన్లు ఇప్పుడు ఎవరి జేబులోనూ లేవు, ఫ్యాక్టరీ మూతపడి మా వైపు చేలల్లో చెరకూ లేదు. చెల్లె అడిగిన ఆ చిన్న సాయం చేయగలిగిన వాళ్ళు వేలమంది ఉన్నారు, అది కావలసిన వాళ్ళు ఒక్కరూ మిగల్లేదు.