ఎర్రచుక్క చీటీ

కాగజ్‌నగర్ మిల్లు మూతపడిన మరుసటి ఏడాది, 2015లో, బొగ్గు గనుల వైపు ఒక సర్కారు దవాఖానాకు డెంటల్ సర్జన్‌గా బదిలీ అయ్యాను. అక్కడ కుర్చీ ఒకటి, నర్సు ఒకరు, నియమాలు మాత్రం బోలెడు. వాటిలో ఘనమైనది ఎర్రచుక్క. హెచ్‌ఐవీ ఉందని చెప్పుకున్న రోగి ఓపీ చీటీ మూలన ఎర్రసిరా చుక్క పెట్టేవారు. ఆ చీటీ ఎప్పుడూ దొంతరలో అట్టడుగునే ఉండేది. దాని వంతు వచ్చేసరికి ఓపీ వేళ ముగిసేది. రోగి గోప్యత అంటే మాకు ప్రాణం మరి! చుక్క సంగతి రోగికి తప్ప దవాఖానాలో అందరికీ తెలుసు.

బెల్లంపల్లి నుంచి రాజవ్వ వచ్చేది. నలభై ఏళ్లుంటాయి, కుట్టుమిషన్ మీద బతుకుతుంది. దవడపన్నుకు చీము పట్టి చెంప ఉబ్బింది, నోరు సగమే తెరుచుకునేది. అన్నం దిగక, ఏఆర్‌టీ మాత్రలు ఖాళీ కడుపున వేసుకుని కక్కేసేది. హెచ్‌ఐవీని అదుపులో ఉంచేవి ఆ మాత్రలే. అవి తప్పితే ప్రాణానికే ముప్పు. ఇదంతా తెలిసిన నేను, మహా ధీరుణ్ని కదా, రెండుసార్లు ‘పై ఆసుపత్రికి పంపడమైనది’ అని రాసి సంతకం గీకాను.

మూడోసారి ఆమె వరుసలో కూర్చోలేదు. నేరుగా వచ్చి చీటీ నా బల్ల మీద పెట్టింది.

“పెద్ద దవాఖానల ‘మీ తాన పండ్ల డాక్టర్ లేడా’ అంటుండ్రు సారు. ఉన్నడనే చెప్పిన. అబద్ధమాడిన్నా?”

సిగ్గుతో తల తీసేసినట్టయింది. పన్ను ఇప్పుడే తీస్తానన్నాను. నర్సు సుశీలమ్మ కుర్చీకి ప్లాస్టిక్ చుట్టింది, నా చేతులకు గ్లౌజులు రెండు జతలు తొడిగింది. పరికరాలను ఆవిరితో శుద్ధిచేసే ఆటోక్లేవ్‌ను, అంటే తనిఖీ అధికారులకు మాత్రమే దర్శనమిచ్చే యంత్రాన్ని, బీరువాలోంచి దించింది. ఇంత హంగామా చేస్తే పన్ను ఇరవై నిమిషాల్లో ఊడివచ్చింది.

గాజుగుడ్డ కొరికిపట్టి రాజవ్వ పక్కనున్న ట్రే చూపించింది. పొద్దుటి రోగులకు వాడిన పటకార్లు అందులో మందునీళ్లలో జలకాలాడుతున్నాయి.

“నాకు గిన్ని జేసిండ్రు. మరి గాళ్లకు?”

“గాళ్లకేం లేదవ్వా,” అంది సుశీలమ్మ.

“ఎవలు చెప్పిండ్రు?”

సుశీలమ్మ నావైపు చూసింది. నేను ట్రేవైపు చూశాను.

మర్నాటి నుంచి చుక్క ఎత్తేశాం. ప్రతి రోగికీ ఆటోక్లేవ్, ప్రతి రోగికీ కొత్త గ్లౌజులు. శుద్ధికి వేళ పట్టడంతో, రోజువారీ ఓపీ తగ్గిందని నాకొక మెమో కూడా దక్కింది. వారం తర్వాత రాజవ్వ వచ్చి, అన్నం తింటున్నానని, మాత్రలు కడుపులో నిలుస్తున్నాయని చెప్పిపోయింది.

నేను నేర్చుకున్నది ఇంతే: జబ్బు చెప్పుకున్న రోగితో డాక్టరుకు వచ్చే ముప్పు తక్కువ, అడిగి తెలుసుకున్నదాన్నే నమ్మి జాగ్రత్తపడే డాక్టరుతో రోగులందరికీ ముప్పే. అంతకుముందు ఆ ట్రేలోంచి ఎవరికి ఏం అంటించానో నాకిప్పటికీ తెలియదు.