ఆఖరి పెన్సిలు

తొంభై అంకెలు చదివి ఇవ్వడానికి జెరెమియాగారికి రెండు మధ్యాహ్నాలు పట్టింది. రాంగోపాల్‌పేట్‌లో ఒక స్టీలు గిన్నెల దుకాణం మీది గదిలో, బయటి చప్పుడు రాకుండా గోడలన్నిటికీ నల్లని స్పాంజి పలకలు అంటించి, ఆయనను మైకు ఎదుట కూర్చోబెట్టారు. "సిక్స్ అండ్ టూ, సిక్స్టీ టూ, అరవై రెండు." అంకెను ముందు విడదీసి, పిమ్మట కలిపి, చివర తెలుగులో పలకడం ఆయనకు ఇరవై ఎనిమిదేండ్ల అలవాటు. మెట్టుగూడ క్లబ్బు హాలులో ప్రతి శనివారం సాయంత్రమూ తంబోలా ఆడించినవాడు ఆయనే. సంచిలో చెయ్యి పెట్టి ఒక కొయ్యబిళ్ల తీసి, దానిమీది అంకెను పైకి చదివేవారు. తమ టికెట్టులో ఆ అంకె ఉన్నవారు పెన్సిలుతో కొట్టివేసుకునేవారు. పదిహేను అంకెలూ అందరికంటె ముందు కొట్టివేసినవారు గెలిచినట్టు; దానినే ఫుల్ హౌసు అంటారు.

వారమంతా ఒక మిషను బడి ఆఫీసులో గుమాస్తాగా ఉండే ఆయనను పలకరించినవారు తక్కువ. శనివారం సాయంత్రం మాత్రం ఆయన నోరు విప్పితే రెండువందల మంది ఊపిరి బిగబట్టేవారు. మూడేండ్ల క్రిందట హాలు పాతబడిందని పడగొట్టారు, ఆట నిలిచిపోయింది. చిన్ననాడు తల్లి ఒడిలో కూర్చుండి ఆ గొంతు విన్న వసుధ అనే అమ్మాయి ఇప్పుడొక చిన్న కంపెనీ పెట్టి, వేలమంది ఎవరింట వారు కూర్చుండి కలిసి ఆడే తంబోలాను ఫోనులోకి తెచ్చింది. పేరు 'శనివారం తంబోలా'. గొంతు జెరెమియాగారిదే కావాలని, అంకెకు ముందు ఆయన సంచిలోని బిళ్లల గలగల కూడా వినిపించాలని పట్టుబట్టింది. డబ్బు పందెమున్న ఆటకు గొంతు ఇవ్వనని ఆయన షరతు పెట్టగా, హాలులో వలెనే కుక్కర్లు, దుప్పట్లు, టిఫిను క్యారియర్లు బహుమానాలుగా పెట్టింది.

ఆట మొదలైన శనివారం నాలుగువేల మంది వచ్చారు. ఆదివారం చర్చిలో ఆరాధన ముగించుకొని జెరెమియాగారు సీతాఫల్‌మండిలోని ఇంటికి వచ్చేసరికి, ఆట పేజీలో ఆడినవారు రాసిన ఫిర్యాదులు నూటపదమూడు ఉన్నాయి. ఆయన కళ్లజోడు సవరించుకొని, ఒక పొడుగు నోటుపుస్తకం తీసి, వాటినన్నిటినీ ఎత్తి రాయడం ఆరంభించారు.

"సిక్స్ అండ్ దగ్గరనే ఆగిపోయింది. మా ఫోనా, మీ సర్వరా?"

"నేను ముందు నొక్కిన, కుక్కర్ ఇంకొకరికి పోయింది. చీటింగ్."

"మా అమ్మను రెండుసార్లు బయటికి తోసింది. ఒక్క స్టార్ ఇస్తున్న, అది సుత ఎక్కువే."

"అంకుల్‌కు ట్రైన్ టైం అయినట్టుంది. జెర ఆగమనుండ్రి!"

ఈ చివరిదాని క్రింద ఆయన ఎర్ర పెన్సిలుతో గీత గీశారు. భార్య మేబెల్ కాఫీ గ్లాసు పుస్తకం ప్రక్కన పెట్టి తొంగిచూసింది.

"తిట్టింది కంపెనీని. మీరెందుకు కుదురుగా కూర్చుని రాసుకుంటున్నారు?"

"గొంతు నాది కదా, మేబెల్."

"గొంతుకేం? ఇంట్లో ఇంతకంటే పరుగుగానే మాట్లాడతారు. నేనేమైనా స్టార్లు తగ్గించానా?"

ఆయన తలెత్తి చూశారు. ఎదుటి గోడమీద, పెళ్లిఫొటో ప్రక్కన, క్లబ్బువారు సన్మానం చేసి ఇచ్చిన కొయ్యపలక ఉంది. దానిమీద ఇత్తడి అక్షరాలతో "నిష్పక్షపాతి" అని ఉంది. హాలులో అందరూ చెప్పుకునేది అదే: జెరెమియాగారు ఎవరి ముఖమూ చూడరు, సంచి తప్ప ఆయన చూపు ఎక్కడికీ పోదు.

వారం తిరిగేసరికి గొంతు అడ్డుపడడం, ఆటనుంచి త్రోసివేయడం చాలవరకు తగ్గాయి. పరుగు గురించిన ఎర్ర గీత ఫిర్యాదులు మాత్రం పెరిగాయి. అంకెకూ అంకెకూ నడుమ అయిదు సెకన్ల వ్యవధి ఉండగా దానిని ఏడు చేశారు. ఏడు చేయగానే కుర్రకారు "నిద్ర వస్తుంది" అని రాశారు. పెద్దవారు "ఇంకా పరుగే" అన్నారు.

ఆ సోమవారం రాజ్యంగారు ఫోను చేసింది. మల్కాజ్‌గిరిలో ఉండే ఆమె బడిలో కుట్టుపని నేర్పి రిటైరయింది. పదేండ్లపాటు శనివారం తప్పక లోకల్ బండెక్కి హాలుకు వచ్చి ముందువరుసలో కూర్చున్నది.

"ఏంది సారూ గీ ఆట! నెంబర్ దొరికేసరికి ఇంకోటి వస్తుండె. మూడుసార్లు నన్ను బోగీ అన్నది. పదేండ్లల్ల నన్నెవడన్న బోగీ అన్నడా?"

గెలుపును తప్పుగా గాని, ఆలస్యంగా గాని చెప్పుకొన్న టికెట్టును బోగీ అంటారు. ఆ టికెట్టు అక్కడికి చెల్లదు.

"కొత్త ఆట కదా రాజ్యమ్మగారూ, సర్దుకుంటుంది."

"ఏం సర్దుకుంటది! ఇది మొఖం జూసి ఆడిపిస్తది. మీరు గట్ల కాదు. నల్లద్దాలు పెట్టుకోని, ఎవల దిక్కు జూడకుండ పిలుస్తుంటిరి. గందుకే నాలుగు ఫుల్ హౌసులు కొట్టిన. నా కుక్కర్ ఇంక కూతేస్తనే ఉంది."

జెరెమియాగారు ఫోను పెట్టివేసి బీరువా సొరుగు తెరిచారు. నల్లద్దాల జోడు అక్కడే ఉంది. ట్యూబులైటు వెలుగు కంటికి పడదని చెప్పి హాలులో ఆయన దానిని పెట్టుకునేవారు. వెలుగు ఆయన కంటికి బాగానే పడుతుంది. ఆ అద్దాల చాటున ఆయన చూపు సంచిమీద ఉండేది కాదు, పెన్సిళ్ల మీద ఉండేది.

రాజ్యంగారి మణికట్టు ఒకమారు విరిగి వంకరగా అతుక్కున్నది. ఒక కంటికి పొర ఉండేది. అంకె పిలవగానే ఆమె ఎడమచేతి వేలితో టికెట్టుమీద వరుస వెంట వరుస తడుముకొని, దొరికిన పిమ్మట కుడిచేతిని మెల్లగా తెచ్చి కొట్టివేసేది. హాలులో అందరికంటె చివర ఆగే పెన్సిలు ఆమెదే. ఆమె రాకమునుపు అది వేరొకరిది. ఆ ఆఖరి పెన్సిలు ఆగితే గాని ఆయన చెయ్యి సంచిలోకి పోయేది కాదు. అంతదాకా బిళ్లను బొటనవేలితో తుడిచేవారు, బోర్డులో అమర్చేవారు, మంచినీళ్లు ఒక గుక్క త్రాగేవారు, అంకెను మరొకమారు చదివేవారు. ఆయన తీరే అంత అని జనం అనుకున్నారు. అందులో ఒక లెక్క ఉన్నదని మేబెల్‌కు తప్ప ఎవరికీ తెలియదు.

అది పక్షపాతమా, కాదా? ఈ ప్రశ్నను ఆయన ఎన్నడూ తనకు తాను సూటిగా వేసుకోలేదు. ఆగినంతమాత్రాన సంచిలో బిళ్లల వరుస మారదు, నిజమే. కాని ఆగకపోతే ఆమెకు ఒకటి రెండు అంకెలు తప్పిపోయి ఉండేవి. ఆ కుక్కరు వేరొకరి వంటింట్లో కూత వేస్తూ ఉండేది. ఇదీ నిజమే.

బుధవారం వసుధ కబురు చేసింది. హాలులో ఆడిన పాతవారిని ఆరుగురిని పిలిచి, ఎదుట కూర్చోబెట్టి ఆడించి, లోపం ఎక్కడుందో కనుక్కుంటామన్నది. ఆ ఆరుగురిలో రాజ్యంగారు ఒకరు. దుకాణం ప్రక్కనున్న మెట్లమీదనే ఆయనకు ఆమె ఎదురైంది. అక్కడే చెబుదామనుకున్నారు. ఆమె అప్పటికే వెనుక వస్తున్నవారికి తన నాలుగు ఫుల్ హౌసుల కథ చెబుతూ ఎక్కుతున్నది. ఆయన పక్కకు తొలగి దారి ఇచ్చారు.

ఆటకు ప్రోగ్రాము రాసిన ఉదయ్‌కిరణ్ అందరి ఫోన్లనూ ఒక వరుసలో పెట్టి ఆడించాడు. రాజ్యంగారికి తన టికెట్టులో వచ్చిన పదకొండు అంకెలలో నాలుగు తప్పిపోయాయి.

"చూసిన్రా?" అని ఆమె ఫోను బల్లమీద పెట్టివేసింది.

ఉదయ్‌కిరణ్ తల గోక్కున్నాడు. "ఆంటీ, అందరికీ ఏడు సెకన్లే. మీకు ఏడు, నాకు ఏడు. ఇంతకన్నా ఫెయిర్ ఏముంటది?" తరువాత జెరెమియాగారి వైపు తిరిగాడు. "సార్, మీరు హాల్ల ఎన్ని సెకన్లు ఆగేటోళ్లు? ఆ నెంబర్ చెప్తే అదే పెట్టేస్తా. పంచాయితీ అయిపోతది."

గదిలో అందరూ ఆయన మాటకోసం చూశారు. తొమ్మిది అంటే చాలు, పది అంటే చాలు. ఉదయ్‌కిరణ్ రాసుకుంటాడు, వసుధ కాఫీ తెప్పిస్తుంది, ఇత్తడి అక్షరాలు గోడమీద చెక్కుచెదరక ఉంటాయి. వచ్చే శనివారం మరల ఎవరో ఒకరు వెనుకబడతారు. ఆ వెనుకబడేది తన గొంతు వెంట పరుగెత్తలేకనే.

"నేను సెకన్లు లెక్కపెట్టలేదు, బాబూ," అన్నారాయన. "ఆఖరి పెన్సిలు ఆగేదాకా ఆగేవాణ్ని. ఒక్కోసారి మూడు సెకన్లు, ఒక్కోసారి పదిహేను. నల్లద్దాలు అందుకే. నేనెవరిని చూస్తున్నానో ఎవరికీ తెలియకూడదని."

వసుధ చేతిలోని పెన్ను ఆగింది. పాతవారిలో ఒకాయన, "అయితే సారూ, నాకు ఒక్క నెంబర్‌తోని పోయినప్పుడు...?" అని ముందుకు వంగాడు.

"అప్పుడు కూడా ఆగాను," అన్నారు జెరెమియాగారు.

రాజ్యంగారు మెల్లగా అడిగింది. "ఆఖరు పెన్సిల్ ఎవలది సారూ?"

ఆయన చూపు ఆమె మణికట్టు మీద పడింది. ఆ చూపే ఆమెకు చాలింది.

"అంటే నా కుక్కర్ మీరిచ్చిన్రు."

"కాదమ్మా. బిళ్ల నా చేతిలో లేదు, సంచిలో ఏదొస్తే అదే. నా చేతిలో ఉన్నది నోరొక్కటే. మీరు ఓడిన వారాలూ అంతే ఆగాను. ఓడిన వారాలే ఎక్కువ కదా."

"గది సుత గుర్తు జెయ్యుండ్రి ఇంక!" అని ఆమె తన చేతిసంచి భుజాన వేసుకొన్నది. "పదేండ్లు నేను తెలివిగల్లదాన్నని తిరిగిన. నా ఒక్కదాని ముందట గాదు, గింతమంది ముందట చెప్పిన్రు." మెట్లు దిగిపోయింది. ఎప్పుడూ గోడ పట్టుకొని దిగే మనిషి, ఆనాడు గోడ పట్టుకోలేదు.

ఇంటికి వచ్చి జెరెమియాగారు కొయ్యపలకను గోడమీదనుంచి దించి బీరువామీద పెట్టారు. మేబెల్ కొంతసేపటికి ఆ మేకుకు చర్చి క్యాలెండరు తగిలించింది.

"ముందు ఆమెకు విడిగా చెప్పవలసింది," అన్నారాయన.

"చెప్పవలసింది," అన్నది మేబెల్.

ఉదయ్‌కిరణ్‌కు మాత్రం ఆ మాట పనికివచ్చింది. ఎవరి టికెట్టులో ఏ అంకె ఉందో, ఎవరి వేలు దానిమీద పడిందో యంత్రానికి తెలుస్తుంది గనుక, ఆ అంకె ఉన్నవారందరూ నొక్కేదాకా తరువాతి అంకె రాకుండా చేశాడు. ఎవరైనా నిద్రపోతే ఆట చెడకుండా ఇరవై సెకన్లు హద్దు పెట్టాడు. వసుధ ఆడేవారిని యాభైమంది చొప్పున గదులుగా విడదీసి, తొందరవారి గదులకు 'ఎక్స్‌ప్రెస్' అని, ఆగే గదులకు 'ప్యాసింజర్' అని పేరు పెట్టింది. ఫిర్యాదులు తగ్గాయి, పోలేదు. "ప్యాసింజర్‌ల ఎక్కితే బువ్వ దిని రావచ్చు" అని ఒకరు రాశారు. జెరెమియాగారు దానినీ నోటుపుస్తకంలోకి ఎక్కించారు.

రాజ్యంగారు ఫోను చేయలేదు. ఆయన రెండుమార్లు చేస్తే ఎత్తలేదు. శనివారాలు రెండు గడిచిన పిమ్మట వసుధ చెప్పింది: "ఆంటీ ఎక్స్‌ప్రెస్‌లోనే ఎక్కుతున్నారు, అంకుల్. పంతం పట్టినట్టున్నారు. రెండుసార్లూ బోగీ."

ఆ మాట విన్ననాటినుంచి ఆయనకు అన్నం రుచించలేదు. తన పేరు పోయినందుకు ఇంత బాధ లేదు. ఒక మనిషి సంతోషాన్ని తీసుకొని, దానికి బదులుగా ఏమీ ఇవ్వలేకపోయానే అన్నదే బాధ.

మూడవ శనివారం సాయంత్రం మేబెల్ తన ఫోనును ఆయన చేతిలో పెట్టింది. "వసుధను అడిగి మీ పేరు మీద టికెట్ తీశాను. ఆడండి."

"ఆడించేవాడు ఆడకూడదు."

"ఇప్పుడు ఆడించేది ఉదయ్‌కిరణ్. మీరు మాబోటివారే."

ఇన్నేండ్లలో టికెట్టు పట్టుకోవడం ఆయనకు అదే మొదలు. ప్యాసింజర్ గదిలో యాభై పేర్లు వరుసగా కనిపించాయి. ముప్పై ఆరవ పేరు దగ్గర ఆయన చూపు ఆగింది: రాజ్యం, మల్కాజ్‌గిరి.

ఆట సాగింది. తన గొంతును తానే వింటూ ఉంటే, ఎవరో పెద్దమనిషి గదిలోకి వచ్చి తనకు పనులు పురమాయిస్తున్నట్టు ఉంది. పై వరుస బహుమానం ఒకరికి పోయింది, క్రింది వరుసది మరొకరికి పోయింది. "సిక్స్ అండ్ టూ, సిక్స్టీ టూ, అరవై రెండు" అన్నది ఫోను, అని నిలిచిపోయింది. తెరమీద చిన్న అక్షరాలతో ఒక మాట వెలిగింది: ఒకరి కోసం ఆగుతున్నాం.

జెరెమియాగారి గుండె కరిగింది. మేబెల్ వైపు వంగి, "పాపం, ఆమే అయి ఉంటుంది. ఆ మణికట్టుతో ఎంత యాతన పడుతుందో," అని గుసగుసగా అన్నారు. చేతులు ఒళ్లో పెట్టుకొని, హాలులో వలెనే ఓర్పుతో కూర్చున్నారు.

అడుగున, ఆడేవారు ముచ్చటించుకునే చోట, ఒక వాక్యం వచ్చి నిలిచింది.

"జెరెమియా సారూ, జెర నల్లద్దాలు దీసి మీ టికెట్ జూడుండ్రి. నేను ఎప్పుడో కొట్టేసిన, గీడ మీ పేరొక్కటే మెరుస్తున్నది. నాకు ఇంక ఒక్కటే నెంబర్ ఉన్నది."

మేబెల్ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకొన్నది. ఆయన ఉలిక్కిపడి కళ్లజోడు తీసి, పంచె అంచుతో తుడిచి, మరల పెట్టుకొని టికెట్టుమీద వేలు ఆనించి, వరుస వెంట వరుస తడుముకొంటూ పోయారు. అరవై రెండు మూడవ వరుసలో, కుడివైపు చివరికి ముందు ఉన్నది. దానిమీద వేలు పెట్టారు.

ఫోనులో, సంచిలోని కొయ్యబిళ్లలు గలగలమన్నాయి.